ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు

పిల్లలూ, మేముండే కువైట్‌లో షువైఖ్ పారిశ్రామికవాడ ఉంది. కార్లు బాగుచేసే షెడ్లు, ఇనుప సామాను అంగళ్లు, వడ్రంగి పనివాళ్లు అక్కడ కనిపిస్తారు. నా దగ్గర తెలుగు నేర్చుకునే ఒక అబ్బాయి, వాళ్ల నాన్నతో కలిసి అక్కడే ప్లైవుడ్ కోయించుకుని ఆర్కేడ్ గేమ్ పెట్టె చేస్తున్నాడు. జాయ్‌స్టిక్, బటన్లు వచ్చేశాయి. లోపల పెట్టడానికి విండోస్ 10 ఉన్న పాత కంప్యూటర్ ఉంది. "టీచర్, ఇదే ఉంచాలా, లైనక్స్ వేయాలా?" అని అడిగాడు. నా అభిప్రాయం చెప్తాను. నచ్చకపోతే వాదించండి.

ఆపరేటింగ్ సిస్టమ్ అంటే ఏమిటి? పొద్దున్నే అందరికంటే ముందు లేచి, ఎవరి పని వాళ్లకి పురమాయించే అవ్వ లాంటిది. తెర, స్పీకరు, బటన్లు అన్నీ దాని మాటే వింటాయి.

విండోస్‌ని తీసిపారేయక్కర్లేదు. కొత్త ఆటలు చాలావరకు దాని కోసమే తయారవుతాయి. మీకు అవే కావాలంటే అదే ఉంచుకోండి. కానీ విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14న ఆగిపోయింది. పాత కంప్యూటర్లు చాలావాటికి విండోస్ 11 ఎక్కదు.

పాత ఆటలే చాలనుకుంటే నా ఓటు లైనక్స్‌కే. దాని మీద కట్టిన బటోసెరా అనేది ఉంది. స్విచ్ వేస్తే నేరుగా ఆటల జాబితా వస్తుంది. కీబోర్డు, మౌసు లేకుండా జాయ్‌స్టిక్‌తోనే నడపొచ్చు. పెన్‌డ్రైవ్‌లో వేసి, ఉన్న విండోస్‌ని చెరపకుండానే ముందు చూసుకోవచ్చు. డబ్బు కూడా కట్టక్కర్లేదు.

అయితే డబ్బు ఒక్కటే కారణం కాదు. ఇంగ్లీషులో 'ఫ్రీ' అనే ఒక్క మాటకి తెలుగులో రెండు మాటలున్నాయి: ఉచితం, స్వేచ్ఛ. 1991లో లినస్ టోర్వాల్డ్స్ ఫిన్లాండ్‌లో విద్యార్థిగా ఉండగా లైనక్స్ మొదలుపెట్టాడు. దాని లోపలి కోడ్‌ని ఎవరైనా చదవొచ్చు, మార్చొచ్చు, పంచుకోవచ్చు. అదీ స్వేచ్ఛ. ఆ హక్కు ఉండబట్టే హైదరాబాద్‌లో 'స్వేచ్ఛ' అనే పేరుగల సంస్థే లైనక్స్‌ని తెలుగులోకి తెచ్చింది. బడిపిల్లల కోసం 'బాల స్వేచ్ఛ' కూడా చేసింది. మన భాష కంప్యూటర్లోకి రావాలంటే, తలుపు తీసి ఉండాలి కదా!

ఒక హెచ్చరిక. బటోసెరా ఉచితమని ఆటలన్నీ ఉచితం కావు. పాత ఆటలకీ యజమానులుంటారు. మీరు కొనుక్కున్నవీ, తయారుచేసినవాళ్లు అందరికీ ఇచ్చేసినవీ మాత్రమే ఆడండి. స్వేచ్ఛ అంటే ఇంకొకరి సొమ్ము తీసుకోవడం కాదు.

ఇక ఆ అబ్బాయికి నేను చెప్పింది ఇదే: "పెట్టె నువ్వే చేశావు. పాడైతే నువ్వే విప్పి చూస్తావు. లోపలి కంప్యూటర్ కూడా నువ్వు విప్పి చూడగలిగేదే అయితే బాగుంటుంది కదా, నాయనా!"

మీరేమంటారు? మీరైతే ఏది ఎంచుకుంటారు? 'ఉచితం', 'స్వేచ్ఛ' రెండు మాటలూ వాడి ఐదు వాక్యాలు రాయండి.