ఎర్రదీపం వెలిగితే తప్పెవరిది?

చిత్తూరు, తిరుపతి జిల్లాల పల్లెల్లో ఇంటర్నెట్ ఇప్పుడు వేడుక కాదు, నిత్యావసరం. ఇంజనీరింగ్ సీటుకు వెబ్ ఆప్షన్లు పెట్టుకునే పిల్లవాడికి ఆఖరి రాత్రి లైను పోతే కోరిన కాలేజీ చేజారుతుంది. 2020లో కరోనా కాలాన బెంగుళూరు నుంచి పలమనేరు, కుప్పం పల్లెలకు తిరిగొచ్చి ఇంటి నుంచే కొలువు చేసిన యువకులకు జీతమంతా ఆ తీగమీదే ఆధారపడింది. అలాంటి లైను రోజుకు నాలుగుసార్లు పోతున్నదని చెబితే వచ్చే జవాబు చాలాచోట్ల ఒక్కటే: 'రూటరు మార్చండి'. డబ్బు పోసి కొత్తది తెచ్చినా మర్నాటికి మళ్లీ అదే కథ.

గాజుతీగ ఇంటర్నెట్‌ను రాష్ట్ర ప్రభుత్వం ఇంటింటికీ చేరుస్తామని పూనుకున్న మాట నిజమే. 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఫైబర్ గ్రిడ్‌ను ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్టు, టీవీ, ఫోను అన్నారు. భూమి తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగడంవల్ల ఖర్చు తగ్గింది, పని త్వరగా సాగింది. పల్లెల్లో ప్రైవేటు ఆపరేటర్లు కూడా చాలావరకు స్తంభాలనే నమ్ముకున్నారు. చౌక మంచిదే. కాని స్తంభం మీది తీగకు స్తంభం కష్టాలన్నీ తప్పవు. గాలివానకు విరిగే మామిడి కొమ్మ, తీగలమీద ఊయలలూగే కోతులు, ఎత్తుగా వరిగడ్డి వేసుకొచ్చే ట్రాక్టరు, వీటిలో ఏది తగిలినా ఊరంతా బంద్.

కాబట్టి ముందుగా తేల్చుకోవలసింది లోపం ఇంటి లోపల ఉన్నదా, బయట ఉన్నదా అనేది. ఇందుకు చదువు అక్కర్లేదు. ఇంట్లో డబ్బామీద ఎల్.ఓ.ఎస్. అని రాసి ఉన్న దీపం ఎర్రగా వెలిగితే, గాజుతీగలో రావలసిన వెలుతురు డబ్బాదాకా రావడం లేదని అర్థం. అప్పుడు డబ్బాను ఎన్నిసార్లు ఆర్పి వెలిగించినా ఫలితం ఉండదు. తీగను మేకుకు చుట్టి మడిచారేమో, తలుపు సందులో నలిగిందేమో చూడాలి. అదేమీ లేకపోతే పక్కింటివారిని అడగాలి. ఒక్క తీగనే చీల్చి ఎనిమిది, పదహారు ఇళ్లకు ఇస్తారు గనుక, వారి దీపమూ ఎర్రబడితే లోపం వీధిలోనే. ఊడిన తీగ కొనను మాత్రం కంటిదగ్గర పెట్టుకుని చూడరాదు. అందులోని వెలుతురు కనిపించదు గాని కంటికి హాని చేస్తుంది.

ఎర్రదీపం లేకుండా ఇంటర్నెట్ ఈడ్చుకుంటూ వస్తే సంగతి వేరు. ఫోను పట్టుకుని డబ్బా పక్కన నిలబడితే బాగా వచ్చి, వెనుక గదిలో రాకపోతే తప్పు గోడలది. పాత మిద్దెల రాతిగోడలు, ఇనుప బీరువాలు వైఫైని మింగేస్తాయి. డబ్బాను మూలనుంచి నడిమింటికి మారిస్తే చాలు. పక్కన నిలబడినా సాయంత్రం ఏడు నుంచి పది దాకా మాత్రమే నత్తనడక నడిస్తే, ఆపరేటరు తన తాహతుకు మించి కనెక్షన్లు ఇచ్చాడని అనుమానించవచ్చు. దానికి కొత్త రూటరు మందు కాదు.

కేబుల్‌వాళ్లు వచ్చినప్పుడు ఒక ప్రశ్న అడగాలి. వెలుతురు ఎంత వస్తున్నదో కొలిచే చిన్న మీటరు వారి దగ్గర ఉంటుంది. అంకె మైనస్ ఇరవైకి అటూ ఇటూ ఉంటే క్షేమం, మైనస్ 27 దాటితే లైను నిలవడం కష్టం. బాగుచేయకముందు ఎంత, చేశాక ఎంత అని గోడ క్యాలెండరుమీద రాసుకుంటే మళ్లీ చెడినప్పుడు వాదన ఉండదు. గాజుతీగను కరెంటు వైరులా మెలిపెట్టి టేపు చుట్టడం కుదరదు. యంత్రంతో కరిగించి అతకాలి. తొందరలో క్లిప్పులు తగిలించిన అతుకుల్లోకి వాననీరు, దుమ్ము చేరితే అంకె మళ్లీ పడిపోతుంది.

మూడు రోజుల్లో లైను బాగుచేయకపోతే చందాలో తగ్గింపో, గడువు పొడిగింపో ఇవ్వాలని ట్రాయ్ 2024 నిబంధనలు చెబుతున్నాయి. కాని ఫిర్యాదుకు నంబరే లేకపోతే ఆ మూడు రోజులు ఎప్పటినుంచి లెక్కించాలి? 'చూస్తాంలే అన్నా' అనే ఫోనుమాటతో సరిపెట్టుకోకుండా నంబరు అడిగి తీసుకోవాలి. ఇవ్వకపోతే వినియోగదారుల సహాయ కేంద్రం 1915కు ఫోను చేయవచ్చు.

ఆపరేటర్లు తమ గదిలోని యంత్రాలకు బ్యాటరీ పెట్టకపోతే, ఇంట్లో ఇన్వర్టరు ఉన్నవారికీ కరెంటు పోగానే ఇంటర్నెట్ పోతుంది. స్తంభాలు మార్చేముందు విద్యుత్ సిబ్బంది ఒకరోజు ముందుగా ఆపరేటర్లకు తెలపాలి. ఫిర్యాదు నంబర్లను గ్రామ సచివాలయం గోడమీద రాయించే పనిని రెండు జిల్లాల కలెక్టర్లు వచ్చే ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ లోగా పూర్తి చేయించాలి.