కాలికి అంటిన బురద ఎవరిది?



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమన్నప్పుడు, చేపలు పట్టేవాళ్ళ బూట్ల గురించి రాస్తామని చెప్పాం. మెస్సులో అందరూ నవ్వారు. చదివాక నవ్వరని మా నమ్మకం. ఎందుకంటే ఈ బూటు కథ న్యూజిలాండ్‌లో మొదలైనా మన ఊరి చెరువు గట్టు దాకా వస్తుంది.

న్యూజిలాండ్, అమెరికా దేశాల్లో సరదాగా గాలం వేసేవాళ్ళు మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి చేపలు పడతారు. ఏటిలోని రాళ్ళ మీద పాకుడు ఉంటుంది కాబట్టి జారిపోకుండా బూటు అడుగున ఫెల్ట్ అనే మెత్తటి, దట్టమైన అట్ట వేయించుకునేవారు. ఆ అట్ట నీళ్ళు పీల్చుకుంటుంది, ఒక పట్టాన ఆరదు. ఒక ఏటిలోని తడిలో ఉన్న కంటికి కనిపించని జీవులు ఆ అట్టలో దాక్కుని మరో ఏటికి ప్రయాణం చేస్తాయి.

2004లో న్యూజిలాండ్ దక్షిణ దీవిలోని వైయావు నదిలో డిడిమో అనే నాచు బయటపడింది. అది ఏకకణ జీవి. ఒక్క నీటి చుక్కలో ఉన్నా చాలు, కొత్త చోట వ్యాపిస్తుంది. రాళ్ళను దుప్పటిలా కప్పేస్తుంది. చూడటానికి అసహ్యంగా ఉంటుందని దాన్ని అక్కడివాళ్ళు 'రాతి చీమిడి' అంటారు. మరో వింత చూడండి. న్యూజిలాండ్‌కు చెందిన ఒక బురద నత్త 1987లో అమెరికాలోని స్నేక్ నదిలో కనిపించింది. అది బియ్యపు గింజంత ఉంటుంది. మగ నత్త లేకుండానే ఆడ నత్త పిల్లల్ని పెడుతుంది. అంటే బూటుకు ఒక్క నత్త అంటుకుని వెళ్ళినా ఒక కొత్త సంతతి మొదలుకావచ్చు.

న్యూజిలాండ్ ఊరుకోలేదు. 'చూడు, కడుగు, ఆరబెట్టు' అని మూడు మాటల నియమం పెట్టింది. బూటుకు, వలకు అంటిన నాచూ బురదా ఏరి ఆ ఏటి దగ్గరే వదిలేయాలి. గిన్నెలు తోమే సబ్బు ద్రావణం అర లీటరు తీసుకుని, మొత్తం పది లీటర్లయ్యేలా నీళ్ళు కలిపి, అందులో నానబెట్టి రుద్దాలి. లేదా పూర్తిగా ఆరిన తర్వాత ఇంకో 48 గంటలు అలాగే ఉంచాలి. 2008లో ఫెల్ట్ అట్ట బూట్లను నిషేధించారు కూడా. అమెరికాలో మేరీల్యాండ్, వెర్మాంట్ 2011లో, అలాస్కా 2012లో నిషేధించాయి. అయితే వెర్మాంట్ 2016లో నిషేధాన్ని ఎత్తివేసింది. ఆ నాచు కొన్ని నదుల్లో ముందునుంచే ఉందని, నీటిలో భాస్వరం తగ్గినప్పుడే అది విపరీతంగా పెరుగుతుందని శాస్త్రవేత్తలు చెప్పారు. అంటే తప్పంతా బూటుదే కాదు. అలాగని కడుక్కోవడం వృథా కాదు. నత్తకైనా రోగక్రిమికైనా తడి అట్ట వాహనమే.

ఇక మన సంగతి. గుర్రపుడెక్క మన దేశపు మొక్క కాదు, దక్షిణ అమెరికా నుంచి వచ్చింది. ఊదారంగు పువ్వు అందంగా ఉందని తెచ్చి వేసినదే ఈనాడు కొల్లేటిలో, కాలువల్లో నీటిని మింగుతోంది. అక్వేరియం గాజుకు అంటుకుని ఉండే చేపను ఎవరో కాలువలో వదిలితే, అదే దెయ్యం చేపై రైతుల వలలు చింపుతోంది. 1994-95లో తెల్లమచ్చల వ్యాధి కోస్తాలో రొయ్యల చెరువుల్ని తుడిచిపెట్టింది. ఆ వైరస్ నీటితో, పీతలతో వస్తుంది. తడి వలలతో, మనుషుల కాళ్ళతో కూడా ఒక చెరువు నుంచి మరో చెరువుకు చేరుతుంది.

మాలో చాలామంది అమ్మానాన్నలు కూలీలు. సెలవుల్లో మేమూ రొయ్యల పట్టుబడికి వెళ్తాం. పోయిన వేసవిలో ఒక చెరువు గట్టు మీద పర్మాంగనేట్ నీళ్ళ తొట్టి పెట్టారు. కూలీలందరినీ అందులో కాళ్ళు ముంచి రమ్మన్నారు. మంచిదే, ముంచాం. కానీ యజమానీ, రొయ్యలు కొనే ఆసామీ బూట్లతోనే తొట్టి పక్కనుంచి నడిచి వెళ్ళారు. పొద్దున వేరే చెరువులో లాగిన వలను తడి ఆరకుండానే ఇందులో దించారు. పది రోజులకు పక్క చెరువులో రొయ్యలు చనిపోతే "ఈ కూలోళ్ళ కాళ్ళతోనే జబ్బు వచ్చింది" అన్నారు. ఆ మాట మా నాన్నల చెవిన పడింది. వాళ్ళు తల వంచుకుని ఇంటికి వచ్చారు.

మిత్రులారా, మన కాలిని మురికి అనడం కొత్త కాదు. తరతరాలుగా విన్నదే. కానీ వైరస్‌కు కులం తెలియదు, కూలీ ఎవరో ఆసామీ ఎవరో తెలియదు. దానికి తెలిసింది తడి ఒక్కటే. న్యూజిలాండ్‌లో నియమం గాలం పట్టిన ప్రతివాడికీ ఒకటే. డబ్బున్న పర్యాటకుడైనా, పక్క ఊరి రైతు అయినా బూటు కడగాల్సిందే. మనం నేర్చుకోవలసింది ఆ సబ్బు నీళ్ళ కొలత కన్నా ముందు ఈ సమానత్వాన్ని.

కాబట్టి మేము కోరేది ఇది. తొట్టి పెడితే అందరి కాళ్ళూ, అందరి బూట్లూ అందులో మునగాలి. ప్రతి చెరువుకూ వేరే వల ఉండాలి, లేదా వలను బ్లీచింగ్ నీళ్ళలో కడిగి ఎండలో బాగా ఆరనివ్వాలి. వల ఆరే రోజు కూలి పోతుంది కదా, ఆ భారం కూలీ మీద వేయకూడదు. చెరువు కాపాడితే లాభం యజమానిది కాబట్టి ఆ ఖర్చూ ఆయనే పెట్టుకోవాలి.

ఇతరుల్ని అడిగే ముందు మనం చేయవలసింది కూడా ఉంది. గుర్రపుడెక్క పువ్వు బాగుందని పీకి ఊరి చెరువులో వేయవద్దు. సీసాలో పెంచిన చేపను కాలువలో వదలవద్దు. ఒక చెరువులో ఈత కొట్టిన తడి నిక్కరుతో మరో చెరువులో దూకవద్దు. వలకు చిక్కిన నాచును ఆ గట్టు మీదే దులిపి రండి. వీటికి కావలసింది కొంచెం ఓపిక, కొంచెం ఎండ. ఎండకు మన దగ్గర కొదవ లేదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు. వచ్చే సెలవుల్లో ఇళ్ళకు వెళ్ళినప్పుడు ఈ నాలుగు మాటలు అమ్మానాన్నలకు చెప్పండి. ఈసారి ఎవరైనా "మీ కాళ్ళతోనే జబ్బు వచ్చింది" అంటే తల వంచుకోవద్దు. "మేము కడుక్కున్నాం, మరి మీ బూట్లు?" అని మర్యాదగా అడగండి.

– డిగ్రీ ద్వితీయ సంవత్సరం విద్యార్థులు