ఓర్పు అని పేరు పెట్టిన పని

"ఆడవాళ్లకి ఓర్పెక్కువ. నలుగురినీ కలుపుకుపోతారు. అందుకే ఐటీ టీముల్ని నడిపించడానికి వాళ్లని మించినవాళ్లు లేరు." మార్చి ఎనిమిదో తారీఖు వచ్చిందంటే చాలు, హైదరాబాద్ కంపెనీల్లోనూ, మా గోదావరి జిల్లాల ఇంజనీరింగ్ కాలేజీల ఆడిటోరియాల్లోనూ ఈ మూడు వాక్యాలూ వినిపిస్తాయి. పొగుడుతున్నట్టే ఉంటుంది. చప్పట్లు కూడా పడతాయి. ఈ పొగడ్తని మనం ఒప్పుకోకూడదని చెప్పడానికే ఈ వ్యాసం.

ఓర్పు అంటే స్వభావం. స్వభావానికి ఎవరూ జీతం ఇవ్వరు. పారుతున్నందుకు గోదావరికి ఎవరైనా జీతం ఇస్తున్నారా? అదే పని మగవాడు చేసినప్పుడు కమ్యూనికేషన్ అనీ, స్టేక్‌హోల్డర్ మేనేజ్‌మెంట్ అనీ, లీడర్‌షిప్ అనీ పేర్లు పుట్టుకొస్తాయి. పేరు వెంట హోదా, హోదా వెంట జీతం. ఒకే పనికి రెండు పేర్లు పెట్టి ఒక పేరుకి డబ్బు, రెండో పేరుకి చప్పట్లు పంచిపెడుతున్నారు. పేర్లు పెట్టడం, పేర్లు మార్చడం భాషకి సంబంధించిన విషయం. అందుకే ఇది మేనేజ్‌మెంట్ వాళ్ల గొడవ, మనకెందుకని రచయిత్రులు, సాహిత్య పరిశోధకులు ఊరుకోవడానికి వీల్లేదు.

నేను చదువుకున్నది సాహిత్యం. పిహెచ్.డి. చేతికొచ్చాక డెల్టాలోని ఒక ఇంజనీరింగ్ కాలేజీలో మూడేళ్లు 'కమ్యూనికేషన్ స్కిల్స్' చెప్పాను. సాహిత్యంలో డాక్టరేట్లు చేసిన ఆడవాళ్లలో చాలామందికి ఈ దారి పరిచయమే. ప్లేస్‌మెంట్ల కోసం గ్రూప్ డిస్కషన్లు పెట్టి మార్కులు వెయ్యడం అక్కడ నా పని. కాలేజీ ఇచ్చిన మార్కుల కాగితంలో 'చొరవ'కి పది, 'టీమ్ స్పిరిట్'కి ఐదు. ఎదుటివాళ్ల మాటకి అడ్డుపడి తన మాట నెగ్గించుకున్న అబ్బాయి చొరవ గడిలో పడతాడు. "ఇందాక తను చెప్పింది, ఇప్పుడు మీరు చెప్పింది ఒకటేనండి, కలిపి చూద్దాం" అని చర్చని ఒక కొలిక్కి తెచ్చిన అమ్మాయి టీమ్ స్పిరిట్ గడిలో పడుతుంది. చర్చ ముగిసేసరికి నిర్ణయం ఆమెది, పదిమార్కులు అతనివి. గడులు మార్చమని అడిగితే, "మేడమ్, కంపెనీలకి కావాల్సింది ఇదే" అన్నారు.

ఇంకో ముచ్చట కూడా ఉంది. మా పిల్లలు 'అండీ' లేకుండా మాట్లాడలేరు. అవతలివాళ్లు చెబుతుంటే మధ్యమధ్యలో "ఆయ్", "మరేనండి" అంటారు. నువ్వు చెప్పేది నా చెవిన పడుతోంది, ఆగకుండా చెప్పు అని దానర్థం. ఇంతకన్నా మంచి వినికిడి పద్ధతి ఏ మేనేజ్‌మెంట్ పుస్తకంలో ఉంది? దాన్ని 'ఆత్మవిశ్వాసం లేకపోవడం' అని తేల్చి వదిలించేశారు. తర్వాత అదే కాలేజీ నగరం నుంచి ట్రైనర్‌ని పిలిపించి, ఫీజు ఇచ్చి, 'యాక్టివ్ లిజనింగ్' మీద వర్క్‌షాప్ పెట్టించింది. పంచాయతీ కుళాయి దగ్గరా కాలవగట్టు మీదా ఏ కులం ఆడవాళ్లయినా వాడే మాట పల్లెటూరి మాట అయింది. ఇంగ్లీషు మీడియంలో చదివి, ఇంట్లో ఇంగ్లీషు విన్న పిల్లల యాస ఆత్మవిశ్వాసం అయింది. ఎవరి ఇళ్లల్లో ఇంగ్లీషు ముందు ప్రవేశించిందో, ఎవరి ఇళ్లల్లో నిన్నగాక మొన్న ప్రవేశించిందో మనకి తెలుసు. ఆ గడుల్లో జెండర్ ఒక్కటే లేదు, కులం కూడా కూర్చుని ఉంది.

'సాఫ్ట్ స్కిల్స్' అన్న మాటనే చూడండి. మెత్తగా ఉంది కాబట్టి ఆడవాళ్లదే అనిపిస్తుంది. నిజానికి అది బ్యారక్స్‌లో పెరిగిన మాట. 1972లో అమెరికా సైన్యం శిక్షణ గురించి పెట్టుకున్న సదస్సులో దీని మీద చర్చ జరిగింది. యంత్రాలతో పెద్దగా సంబంధం లేని పనుల్ని, అంటే మనుషుల్ని నడిపించడం, పర్యవేక్షించడం లాంటివాటిని ఆ మాట కింద చేర్చారు. సైన్యంలో నాయకత్వం అనిపించుకున్నది మన ఆఫీసుల్లోకి వచ్చేసరికి ఆడవాళ్ల మంచితనం అయిపోయింది.

ఐటీ ప్రాజెక్టులో మాట ఎంత పెద్ద పనో అర్థం కావాలంటే ఫ్రెడ్ బ్రూక్స్‌ని గుర్తు చేసుకోవాలి. ఐబీఎంలో ఓఎస్/360 అనే భారీ సాఫ్ట్‌వేర్ తయారీని నడిపిన మనిషి. ఆ అనుభవం మీద 1975లో 'ది మిథికల్ మ్యాన్-మంత్' రాశాడు. ఆలస్యమైన ప్రాజెక్టులోకి కొత్తగా మనుషుల్ని దింపితే అది ఇంకా ఆలస్యమవుతుందని అతని వాదన. వరికోతకి ఇంకో పదిమందిని దింపితే చేను తొందరగా తెములుతుంది, ఎవరి మొన వాళ్లది. సాఫ్ట్‌వేర్ అలా కాదు. ఒకళ్లు చేసేది రెండోవాళ్లకి తెలియాలి. ముగ్గురుంటే మూడు జతలు మాట్లాడుకోవాలి. పదిమందికి 45 జతలు. యాభైమందికి 1225. ఇన్ని జతల మధ్య మాట చెడకుండా చూడటమే ప్రాజెక్టు నడపడం. పుస్తకం పేరులో పనిని కొలిచే కొలత 'మగవాడి-నెల' కావడం మాత్రం మనం గమనించాల్సిన విషయం.

మరి ఈ 1225 జతల మాట ఎవరు మోస్తున్నారు? మీటింగులో నోట్స్ రాసేదెవరు? కోడ్ రాసినవాడికీ తప్పు పట్టినవాడికీ మధ్య అహం దెబ్బతినకుండా కబురు మోసేదెవరు? క్లయింటు కోపాన్ని వడగట్టి టీముకి చెప్పేదెవరు? కొత్తగా చేరిన పిల్ల బాత్‌రూమ్‌లో ఏడుస్తుంటే వెళ్లి పని నేర్పేదెవరు? ఆడవాళ్లకి ఇవి ఇష్టం కాబట్టి చేస్తారంటారు. 2017లో లిండా బాబ్‌కాక్, మరో ముగ్గురు మహిళా పరిశోధకులు అమెరికాలో జరిపిన ప్రయోగాల ఫలితాలు ప్రచురించారు. ఎవరికీ పేరు తేని, కానీ ఎవరో ఒకరు చెయ్యక తప్పని పనికి ఆడా మగా కలిసిన గుంపులో ఆడవాళ్లే ఎక్కువగా ముందుకొచ్చారు. అందరూ మగవాళ్లే ఉన్న గుంపులో? అందరూ ఆడవాళ్లే ఉన్న గుంపులో ఎంతగా ముందుకొచ్చారో అంతగానూ ముందుకొచ్చారు. పక్కన ఆడమనిషి లేకపోతే మగవాళ్లకీ ఓర్పు వస్తోంది! ఇది స్వభావం ఎలా అవుతుంది? "ఆవిడ చేస్తుందిలే" అన్న ధీమా తప్ప మరేమీ కాదు.

మా జిల్లాలోకి వద్దాం. 2002లో అప్పటి పశ్చిమ గోదావరి జిల్లాలో, కలెక్టర్ సంజయ్ జాజు హయాంలో, ఈ-సేవ కేంద్రాలు మండలాల దాకా వచ్చాయి. హైదరాబాద్‌లో ఈ-సేవ అంటే ఏసీ గదుల్లో బిల్లులు కట్టే కౌంటర్లు. ఇక్కడ చాలా కేంద్రాల నిర్వహణ డ్వాక్రా సంఘాల ఆడవాళ్ల చేతిలో పెట్టారు. గ్రామీణ ఈ-గవర్నెన్స్‌లో అది చెప్పుకోదగ్గ ప్రయోగమే, కాదనను. భీమవరం వైపు అలాంటి కేంద్రంలో పనిచేసిన ఒకావిడతో పరిశోధన రోజుల్లో మాట్లాడాను. పొదుపు పుస్తకం తప్ప ఇంకేం రాసి ఎరగని మనిషి మౌసు పట్టుకోవడం నేర్చుకుంది. అంతవరకే రిపోర్టులకి కావాలి. ఆవిడ చెప్పిన మిగతా పని వినండి. కరెంటు పోయినప్పుడు గుమ్మంలో ఉన్న ఇరవైమందిని కసురుకోకుండా కూర్చోబెట్టడం. సర్టిఫికెట్ ఎందుకు రాలేదో మండలాఫీసు గుమాస్తాని నొప్పించకుండా కనుక్కోవడం. "తాతగారూ, తప్పు మీది కాదండి, మిషన్ది" అని ఒప్పించడం. మొగుడు వదిలేసిన మనిషి వస్తే 'భర్త పేరు' అన్న గడి దగ్గర గొంతు తగ్గించి అడగడం. "కంప్యూటర్ ఆరు నెలల్లో వచ్చేసిందమ్మా, జనంతో మాట్లాడటమే రోజూ కొత్తగా నేర్చుకోవాల్సొచ్చేది" అంది.

ప్రాజెక్టు మేనేజ్‌మెంట్ భాషలో చెప్పాలంటే ఆవిడ చేసింది యూజర్ ట్రైనింగ్, సపోర్టు, సమన్వయం, మార్పుని జనం చేత ఒప్పించడం. నగరంలో వీటికి నలుగురు నిపుణులుంటారు. ఇక్కడ నలుగురి పనీ ఒకే కుర్చీలో జరిగింది, అయినా ఆమె పేరు 'లబ్ధిదారు'. నాయకత్వం గురించి రాసేటప్పుడు కలెక్టర్ చొరవ ఉదాహరణ అవుతుంది, డ్వాక్రా మహిళ ఫొటో అవుతుంది. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. డెల్టాలో ఎక్కడికి వెళ్లినా కాటన్ దొర విగ్రహం కనిపిస్తుంది. వీణెం వీరన్న పేరు కొందరికి తెలుసు. మట్టితట్టలు మోసినవాళ్ల పేర్లు ఎవరికీ తెలియవు. మట్టి పోయి డేటా వచ్చింది, చరిత్ర రాసే పద్ధతి మాత్రం అదే. తర్వాత 2011లో మీ-సేవ వచ్చింది. 2019 అక్టోబరు 2న కాకినాడ దగ్గర కరపలో గ్రామ సచివాలయాల వ్యవస్థ మొదలైంది. వ్యవస్థ మారినప్పుడల్లా కొత్త సాఫ్ట్‌వేర్ కొన్నారు గానీ, ఆ కుర్చీలో కూర్చున్న ఆడవాళ్లకి తెలిసిన విషయాన్ని ఎవరూ కొనలేదు, అడగనూ లేదు.

అడగకపోతే ఏమవుతుంది? 1968లో మెల్విన్ కాన్వే అనే ప్రోగ్రామర్ ఒక సూత్రం చెప్పాడు. ఒక సంస్థ తయారుచేసే వ్యవస్థ ఆ సంస్థలో ఎవరు ఎవరితో మాట్లాడగలరో దానికి నకలుగా ఉంటుందని దాని సారాంశం. మాట పైనుంచి కిందకే వచ్చే చోట యాప్ కూడా కిందివాళ్లని ప్రశ్నలే అడుగుతుంది, వాళ్లు చెప్పేదానికి గడి ఉండదు.

2021 మార్చిలో కేంద్ర ప్రభుత్వం అంగన్‌వాడీల కోసం పోషణ్ ట్రాకర్ తెచ్చింది. పిల్లల బరువు, ఎత్తు, హాజరు, రేషన్ అన్నీ టీచరమ్మే ఫోన్లో ఎక్కించాలి. 2025 జూలై నుంచి ఇంటికిచ్చే రేషన్‌కి ముఖ గుర్తింపు తప్పనిసరి చేశారు. లంక గ్రామంలో సిగ్నల్ కోసం గట్టెక్కిన టీచరమ్మకి, బిడ్డనెత్తుకుని కెమెరా ముందు నిలబడాల్సిన బాలింతకి మధ్య జరిగే సంభాషణ ఆ యాప్‌లో ఎక్కడ నమోదవుతుంది? ముఖం కలవకపోతే తిట్లు తినేది డిజైనరు కాదు, గుమ్మంలో నిలబడ్డ ఈమె. ప్రాజెక్టు వైఫల్యాన్ని తన ముఖం మీద మోసుకుంటూ, రేపు మళ్లీ ఆ తల్లి కేంద్రానికి వచ్చేలా మాట్లాడాలి. ఆర్లీ హోక్‌షీల్డ్ 1983లోనే దీన్ని భావోద్వేగ శ్రమ అంది. మన ప్రభుత్వాలు దీనికి పెట్టిన పేరు 'గౌరవ వేతనం'. గౌరవం అన్న మాటని అడ్డం పెట్టుకుని వేతనాన్ని తగ్గించడం భాషకి జరిగిన అవమానం అని నేనంటాను.

ఆ అంగన్‌వాడీలే 2023 డిసెంబరు 12న జీతాల కోసం, గ్రాట్యుటీ కోసం రాష్ట్రమంతటా సమ్మెకి దిగారు. గ్రాట్యుటీకి వాళ్లు అర్హులేనని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లోనే చెప్పింది. సమ్మె 42 రోజులు సాగింది. మధ్యలో, 2024 జనవరిలో, ప్రభుత్వం ఎస్మా ప్రయోగించింది. ఎస్మా అంటే అత్యవసర సేవల చట్టం. జీతం అడిగేదాకా గౌరవ సేవ, పని ఆపితే అత్యవసర సేవ! వాళ్ల పని ఎంత అవసరమో ప్రభుత్వం తనంతట తాను ఒప్పుకున్న కాగితం అదొక్కటే.

"మంచిగా మాట్లాడటానికి కూడా లెక్క కడతారా? అన్నిటినీ డబ్బుతో కొలుస్తారా?" అని కొందరు మిత్రులు బాధపడతారు. 1970లలో ఇంటిపనికి వేతనం అడిగిన సెల్మా జేమ్స్‌నీ, సిల్వియా ఫెడరీచీనీ కూడా ఇదే అడిగారు. లెక్క కట్టకపోతే ప్రేమ మిగలదు, అలసట మిగులుతుంది. ఇప్పుడు ఆడవాళ్లు కూడా మేనేజర్లు అయ్యారు కదా అన్నది ఇంకో జవాబు. అయ్యారు. పైకి వెళ్లిన ఒకామె కోసం కింద ఎంతమంది నోట్స్ రాస్తున్నారో కూడా చెప్పండి. తీరా వెళ్లాక ఆమె గట్టిగా మాట్లాడితే గయ్యాళి, మెల్లగా మాట్లాడితే నాయకత్వ లక్షణాలు లేనిది.

నేను అడుగుతున్నవి గొంతెమ్మ కోరికలు కాదు. కోడ్ రాయడానికి గంటలు కేటాయించినట్టే వివరించడానికి, నేర్పడానికి, సర్దిచెప్పడానికి ప్రాజెక్టు ప్లానులో గంటలు రాయండి, వాటికి మనిషి పేరు, జీతం రాయండి. నోట్స్ రాసే పని వంతులవారీగా మగవాళ్లకీ వెయ్యండి. యాప్ గీసేటప్పుడు అంగన్‌వాడీ టీచర్‌ని ఫీడ్‌బ్యాక్ కోసం చివర్లో కాదు, నిర్ణయం కోసం మొదట్లో పిలవండి, వచ్చిన రోజుకి కూలి ఇవ్వండి. "ఇలా కుదరదు" అని ఆమె రాయడానికి ఒక గడి పెట్టండి, దానికి జవాబు చెప్పాల్సిన అధికారి పేరు కూడా పెట్టండి.

మనవైపు చెయ్యాల్సింది కూడా ఉంది. స్త్రీల శ్రమ గురించి మన సాహిత్యం వంటింటిని రాసింది, పొలాన్ని రాసింది, బీడీ చుట్టడాన్ని రాసింది. హెడ్‌సెట్ పెట్టుకున్న గొంతునీ, యాప్ తెరుచుకోక గుమ్మంలో తిట్లు తింటున్న టీచరమ్మనీ కూడా అంత వివరంగా రాయాలి. వాళ్ల గురించి రాసేటప్పుడు 'ఓర్పు' అన్న మాట కలం దాకా వస్తే అక్కడ ఆగి, ఎన్ని గంటలు, ఎంత జీతం, ఎవరి ఖాతాలో పడింది అని అడగాలి.