గ్లౌజులు యెవరికి?

జట్టులో పదకొండుమంది వుంటారు. బ్యాటు పట్టేవాళ్ళు ఐదారుగురు, బంతి వేసేవాళ్ళు నలుగురైదుగురు. వాళ్ళలో ఒకడు తప్పుకుంటే మరొకడికి యెక్కడో ఒకచోట స్థలం దొరుకుతుంది. వికెట్ల వెనుక మాత్రం స్థలం ఒక్కటే. ఆ ఒక్క జత గ్లౌజులు యెవరి చేతికివ్వాలన్న తగవు మా చిక్కపేటలో యెన్నడూ తెగదు. బేరం తెగుతుంది, పాగం పంచుకున్న అన్నదమ్ముల వ్యాజ్యం తెగుతుంది, ఇది తెగదు.

యీ నెల దానిని గురించే రాయదలచాము. ఆటలంటే గిట్టని చదువరులు, ముఖ్యంగా క్రికెట్టు వచ్చిన రోజున పిలిచినా యెవ్వరూ అన్నానికి లేవరని మా మీద విసుక్కునే తల్లులు, కొంచెం ఓపిక పట్టాలి. ఇది వట్టి ఆట ముచ్చట కాదు. తరతరాలుగా యీ పేటలో వుండి, ఇంట్లో తెలుగూ అంగట్లో కన్నడమూ మాట్లాడుకునే మన కుటుంబాలను "యింతకీ మీవాడెవడు?" అని యెదుటివాడు నిలదీసే సందర్భం యేదైనా వుంటే, అది వికెట్ కీపరును యెంపిక చేసే సమయమే. యెందుకో గాని, ఆ గ్లౌజులకు పోటీపడేవారిలో ఒకడు కన్నడ దేశంవాడూ మరొకడు తెలుగు పేరుగలవాడూ కావడం మళ్ళీ మళ్ళీ జరిగింది.

మొదటిసారి 1971లో. ఆ యేడు వాడేకర్ జట్టు వెస్టిండీసుకు వెళ్ళి వాళ్ళ గడ్డమీద వాళ్ళను ఓడించి వచ్చింది. గవాస్కర్ పరుగులను గురించి నేటికీ చెప్పుకుంటారు. ఆ ఐదు టెస్టులలోనూ వికెట్ల వెనుక నిలబడినవాడు హైదరాబాదు కృష్ణమూర్తి. పేరు చెబితే మన పిల్లలలో పదిమందికి ఒకడు గుర్తుపడితే గొప్ప. ఆ వేసవిలో ఇంగ్లండుకు వెళ్ళేసరికి ఫరూఖ్ ఇంజనీరు తిరిగివచ్చాడు. కృష్ణమూర్తికి మళ్ళీ టెస్టు దక్కలేదు. ఆ ఇంగ్లండు ప్రయాణంలోనే ఇంజనీరు వెనుక కూర్చున్న మరొక కుర్రవాడు మన బెంగుళూరు సయ్యద్ కిర్మాణీ. పుట్టింది 1949లో మద్రాసులో, ఆట నేర్చినదీ పేరు తెచ్చుకున్నదీ యిక్కడ. 1974లో మన వూళ్ళో మొట్టమొదటి టెస్టు జరిగింది, వెస్టిండీసుతో. సొంత వూరి మైదానంలోనూ కిర్మాణీకి చోటు లేదు. వికెట్ల వెనుక ఇంజనీరే. చివరకు 1976లో న్యూజీలండులో గ్లౌజులు దొరికితే, రెండవ టెస్టులోనే ఒక్క ఇన్నింగ్సులో ఆరుగురిని సాగనంపి అప్పటి ప్రపంచ రికార్డును సమానం చేశాడు. ఐదేళ్ళ ఆకలి అది.

ఇక 1979కి వద్దాము. అసలు రచ్చ అప్పుడే.

ఆ యేడు ఇంగ్లండులో ప్రపంచ కప్పు, దాని వెనుకనే నాలుగు టెస్టులు. జట్టు పేర్లు వచ్చాయి, కిర్మాణీ లేడు. కారణం గురించి నానా మాటలు వినిపించాయి, ప్యాకర్ పేరు కూడా అందులో నలిగింది. ప్రపంచ కప్పులో సురీందర్ ఖన్నా గ్లౌజులు తొడిగాడు. టెస్టులు నాలుగింటిలోనూ మద్రాసు నుంచి వచ్చిన భరత్ రెడ్డి. నాయకుడు వెంకటరాఘవన్‌దీ మద్రాసే. మద్రాసువాళ్ళు కూడబలుక్కుని మనవాణ్ణి తీసేశారని బెంగుళూరులో అనని నోరు లేదు. పక్క అంగడివాళ్ళు మనవాళ్ళను చూసి, "యేం శెట్టరే, మీ రెడ్డి వచ్చాడు గదా, సంతోషమేనా?" అని కన్నడంలో చురక వేసేవారని మన పెద్దలు చెబుతారు. పేరు చివర రెడ్డి అని వున్నందుకు ఆ మద్రాసు ఆటగాడు రాత్రికి రాత్రి మనవాడైపోయాడు! అవెన్యూ రోడ్డులో యెదురుపడినా కిర్మాణీకి నమస్కారం పెట్టేది మనవాళ్ళే, రంజీ ఆటలకు అంగడి వదిలి వెళ్ళి అతనికి చప్పట్లు కొట్టినదీ మనవాళ్ళే. అయినా ఆ వేసవి నెలలలో యే ఇంటికి ఆ ఇల్లు రెండుగా చీలింది. సాయంకాలం ట్రాన్సిస్టరు దగ్గర తండ్రి ఒక పక్షం, కొడుకు ఒక పక్షం. అత్తవారి వూరు చిత్తూరు జిల్లా అయిన అల్లుళ్ళు మాట్లాడకుండా కాఫీ తాగేవారు.

కిర్మాణీ ఆ చలికాలానికే తిరిగివచ్చాడు. బొంబాయిలో ఆస్ట్రేలియా మీద, పొద్దుగూకే వేళ వికెట్టు కాపాడేందుకు పంపిస్తే, మరునాడు అజేయంగా 101 పరుగులు చేసి కూర్చున్నాడు. తరువాతి కథ అందరికీ తెలిసినదే. 1983 ప్రపంచ కప్పులో జింబాబ్వే మీద కపిల్ దేవ్ 175 చేసిన నాడు, తొమ్మిదవ వికెట్టుకు అతనికి తోడుగా చివరిదాకా నిలిచింది కిర్మాణీ. ఇద్దరూ కలిసి 126 జోడించారు, అందులో కిర్మాణీవి 24. మొత్తం 88 టెస్టులు ఆడాడు. భరత్ రెడ్డికి ఆ నాలుగే మిగిలాయి. కిర్మాణీకి జరిగిన అన్యాయాన్ని గురించి మన పేటలో బోలెడు మాట్లాడుకున్నాము. నాలుగు టెస్టులతో ఆగిపోయిన ఆ రెండవ మనిషిని గురించి మాట్లాడినవారిని మేము చూడలేదు, "మీ రెడ్డి" అన్నవాళ్ళలోనూ, అనిపించుకున్నవాళ్ళలోనూ.

కీపరు పని యేమిటో ఒకసారి చూడండి. టెస్టు ఆటలో రోజుకు 90 ఓవర్లు, అంటే 540 బంతులు. ప్రతి బంతికీ గొంతుక్కూర్చోవాలి, లేవాలి. ఫాస్టు బౌలరుకు ఇరవై అడుగులు వెనక్కు, స్పిన్నుకు వికెట్లను ఆనుకుని. బ్యాటు అడ్డుగా వుంటుంది, బంతి ఒక్క క్షణం కనిపించదు, పగుళ్ళ మీద పడి యెగురుతుందో పాదాల కిందకు జారుతుందో తెలియదు. చంద్రశేఖర్ వంటి బౌలరు ఐతే చెప్పనక్కరలేదు, బంతి యెటు తిరుగుతుందో దాన్ని వేసినవాడికే తెలియదని వేళాకోళం చేసేవారు. అది పట్టవలసినవాడు కిర్మాణీ. 539 పట్టి ఒకటి వదిలితే ఆ ఒకటే లెక్క. మన చీరల అంగళ్ళలో గల్లా ముందు చీర విప్పి చూపించేవాణ్ణి గిరాకీ మెచ్చుకుంటుంది. లోపల దీపం కింద కూర్చుని డామేజీ చీర యేరి పక్కన పెట్టేవాణ్ణి యెవరూ యెరగరు. చిరుగు చీర ఒకటి గిరాకీ ఇంటికి చేరిననాడే అతడి పేరు అందరి నోటా పడుతుంది. కీపరు బతుకూ అంతే. అందుకే అభిమానులు వాదించేటప్పుడు పట్టిన బంతులను లెక్కించలేక, చేసిన పరుగులు లెక్కపెడతారు. పరుగులు పుస్తకంలో వుంటాయి మరి.

గుంటూరు ఎమ్మెస్కే ప్రసాద్ 1999-2000లో ఆరు టెస్టులు ఆడి ఆగిపోయినదీ, 2003 ప్రపంచ కప్పులో బ్యాటుకు మరొకణ్ణి చేర్చుకోవడానికి మన ద్రావిడ్ మెడకు గ్లౌజులు తగిలించినదీ యిక్కడ పొడిగించము. రెండవది మన పేటలో తగవే కాలేదు, ద్రావిడ్ యే పని చేసినా బెంగుళూరులో కాదనేవారు లేరు గనుక.

తగవు మళ్ళీ రాజుకున్నది విశాఖపట్నం కోన శ్రీకర్ భరత్ వచ్చాక. కీపరై వుండి రంజీలో మూడువందలు చేసిన మొదటివాడు అతడే: 2015లో గోవా మీద 308. 2021 అక్టోబరులో బెంగుళూరు ఐపీఎల్ జట్టు తరపున ఢిల్లీ మీద చివరి బంతికి సిక్సరు కొట్టి గెలిపించినప్పుడు చిక్కపేటలో భాషాభేదం లేకుండా గంతులేశారు. ఆ మరుసటి నెల కాన్పూరులో సాహా మెడ పట్టేసి కూర్చుంటే, అతడి బదులు దిగి ఇద్దరిని క్యాచిపట్టి ఒకణ్ణి స్టంపు చేశాడు. స్కోరు పుస్తకంలో అవి ప్రత్యామ్నాయ ఆటగాడి కింద రాశారు, టెస్టు ఆడినట్టు లెక్క లేదు. 2022 డిసెంబరు 30న రిషభ్ పంత్ కారు ప్రమాదంలో గాయపడితే, 2023 ఫిబ్రవరిలో నాగపూరులో భరత్‌కు టెస్టు టోపీ దక్కింది. ఒకడు మంచం పడితే తప్ప రెండవవాడికి దారి లేని ఉద్యోగమది. అమెరికాలో వున్న మన మనుమలు చూసే అక్కడి ఫుట్‌బాలులో క్వార్టర్‌బ్యాక్ అనే స్థానమూ ఇటువంటిదే. జట్టుకు ఒక్కడే. 2001లో న్యూ ఇంగ్లండు జట్టులో బ్లెడ్సో గాయపడితే బ్రేడీ అన్న కుర్రవాడు దిగి, మళ్ళీ చోటు వదలలేదు. బ్లెడ్సోయే వుండాలి, కాదు బ్రేడీయే వుండాలి అని అక్కడి ఇళ్ళలోనూ కంచాల ముందు కొట్లాడుకున్నారట. చిక్కపేటకు అమెరికా మరీ అంత దూరం కాదు.

భరత్ నాగపూరులో వచ్చీరాగానే, 49 మీద వున్న లబుషేన్‌ను జడేజా బంతికి చప్పున స్టంపు చేశాడు. ఆ సిరీసులో పరుగులు మాత్రం పెద్దగా రాలేదు, అహ్మదాబాదులో చేసిన 44 యెక్కువ. యిక మొదలైంది. జూన్‌లో లండన్ ఓవల్‌లో ప్రపంచ టెస్టు ఫైనలు. బెంగుళూరులో పుట్టిన కె.ఎల్. రాహుల్‌కు గ్లౌజులిస్తే ఒక బ్యాటు కలిసివస్తుంది గదా అని పేరున్న మాజీ ఆటగాళ్ళే అన్నారు. మన ఇళ్ళలో వాదన ఇలా సాగింది:

"తాతా, రాహుల్ వుంటే ఆరో నంబరుదాకా బ్యాటింగే."

"బ్యాటింగు సరేనప్పా, అశ్విన్ బంతి కాళ్ళ మధ్య దూరితే యెవడు పడతాడు? మీ అయ్య పడతాడా?"

"నీకు భరత్ తెలుగువాడని ప్రీతి."

"నీకు రాహుల్ మనూరివాడని కాదా?"

ఇద్దరి మాటలోనూ నిజమున్నది. వాదన తేలకుండానే మే 1న లక్నోలో బెంగుళూరు జట్టు మీద ఆడుతూ రాహుల్ తొడ కండరం పట్టుకుని పడిపోయాడు. ఓవల్‌లో భరతే ఆడాడు, చేసినవి 5, 23. మనం 209 పరుగుల తేడాతో ఓడిపోయాము. డిసెంబరులో దక్షిణాఫ్రికా సెంచూరియన్‌లో గ్లౌజులు రాహుల్‌కు వెళ్ళాయి. అతడు 101 చేశాడు. ఆ గడ్డమీద ఫాస్టు బౌలింగుకు వెనక్కు నిలబడి పట్టేటప్పుడు అది సరైన నిర్ణయమేనని మేమంటాము. 2024 జనవరిలో ఇంగ్లండువాళ్ళు యిక్కడికి వచ్చినప్పుడు, బంతి తిరిగే మన పిచ్చిల మీద ఐదు టెస్టులలో రాహుల్ కీపింగు చేయడని శిక్షకుడు ద్రావిడ్ చెప్పాడు. ఆ బరువు యెంతదో స్వయంగా మోసినవాడు గనుక ఆ మాటకు విలువున్నది. ఆ ఒక్కసారి గ్లౌజులను గ్లౌజుల లెక్కలో చూశారు.

కాని లెక్క అక్కడ నిలవలేదు. హైదరాబాదులో భరత్ 41, 28 చేశాడు. మనం ఓడిన తేడా కూడా 28. తన సొంత వూరు విశాఖలో 17, 6. రాజకోటకు వచ్చేసరికి ధ్రువ్ జురెల్ గ్లౌజులు తొడిగి 46 చేశాడు. రాంచీలో 90, 39 చేసి గెలిపించాడు. జురెల్ పట్టడమూ బాగుంది, బ్యాటూ బాగుంది, అతడికి ఇవ్వకూడదని మేము చెప్పము. మా అభ్యంతరం ఒక్కటే. భరత్‌ను మంచి కీపరని తెచ్చి, కీపింగులో వంక దొరకక, బ్యాటు చూపించి పంపారు. ఏడు టెస్టులలో 221 పరుగులన్నది అందరికీ నోటికి వచ్చు. వికెట్ల వెనుక అతడి పని యెలా వున్నదో చెప్పమంటే మన పేటలో పదిమందిలో తొమ్మిదిమంది "బాగానే పట్టాడప్పా" అని వూరుకుంటారు, అతడి పక్షం వాదించినవారితో సహా. తెలుగువాడని నెత్తిన పెట్టుకున్నవాళ్ళమూ అతడి పనిని చూడలేదు, మనూరివాడు కాదని తోసేసినవాళ్ళూ చూడలేదు.

2024 సెప్టెంబరులో పంత్ తిరిగివచ్చి చెన్నైలో నూరు కొట్టాడు. మరుసటి యేడు జూలైలో లార్డ్స్‌లో అతడి వేలికి దెబ్బ తగిలితే జురెల్ బదులు నిలబడ్డాడు. ఆ మరునాడే మన పేటలో జురెలా పంతా అని మొదలైంది. ఇద్దరిలో యెవరూ కన్నడంవాడు కాదు, తెలుగువాడు కాదు. అందుచేత యీసారి వాదన కొంచెం శుభ్రంగా వున్నదని మాకు తోచింది.

యీ విషయమై చదువరులు మాకు ఉత్తరాలు రాయవచ్చును. అక్షరాలు పెద్దవిగా, కాగితానికి ఒక వైపునే రాయగోరుతాము. ఒక షరతు. మీ పక్షంవాడు చేసిన పరుగులు మాకు తెలుసు, అవి రాయనక్కరలేదు. అతడు వదిలిన క్యాచిలు యెన్ని, పోనిచ్చిన బైలు యెన్ని, లెక్కపెట్టి రాయండి. అటువంటి ఉత్తరం ఒక్కటి వచ్చినా వచ్చే నెల యీ పుటలోనే అచ్చువేస్తాము.