నాగా పెడితే పైసలెవరిస్తరు?

2020 లాక్‌డౌన్ల లాప్‌టాప్ పట్టుకొని హైదరాబాద్ కెల్లి ఓరుగల్లుకు వచ్చిన పోరగాండ్లల్ల కొందరు మళ్ల పోలే. హన్మకొండల కిరాయి తక్కువ, అవ్వ చేతి బువ్వ ఉన్నది. డిజైన్లు, వీడియో ఎడిటింగ్, కోడింగ్ ఇంట్ల కూసోని చేస్తున్నరు. వాళ్లను చూసి ఇంకొందరు నౌకరి ఇడిసే ఆలోచనల ఉన్నరు. బాసు లేడు, బయోమెట్రిక్ లేదు, మంచిదే. రాతల మీద బతికేటోన్ని, నేనేం వద్దనను. కాని లెక్క ఒకటున్నది, అది ఎవరూ చెప్తలేరు.

జీతం 25 వేలు, అందుల బేసిక్ 15 వేలనుకుందాం. మన జీతంల కోసేది గాక కంపెనీ తన దిక్కు నుంచి నెలకు 1,800 పీఎఫ్ కడుతది. అందుల 1,250 పెన్షన్ ఖాతాకే పోతది. ఐదేండ్లు చేస్తే గ్రాట్యుటీ, ఏడాదికి 15 రోజుల లెక్కన. అది నెలకు పంచితే 720 దాక వస్తది. అంటే 25 వేల నౌకరి అసలు ధర 27,500. దీనికి పండుగ సెలవులు, జెరమొస్తే సెలవులు కలుపుండ్రి. జీతం 21 వేల లోపున్నోళ్లకైతే ఈఎస్ఐ దవాఖాన సుత. సొంత పనిల నెట్ బిల్లు, కరెంటు, లాప్‌టాప్ రిపేరు అన్నీ మన జేబే. గందుకే ఇంట్ల కూసోని గా 25 వేలే సంపాదిస్తున్నరంటే జీతం తగ్గించుకున్నట్టే.

ఇంకొకటి. పీఎఫ్ పెన్షన్‌కు పదేండ్ల సర్వీసు కావాలె. ఏడెనిమిదేండ్లకు ఇడిసిపెట్టి ఉన్నదంత గుంజుకుంటే ఆ ఏండ్లు లెక్కల నుంచి పోతయ్. స్కీమ్ సర్టిఫికెట్ తీస్కుంటే నిలుస్తయ్, రేపు మళ్ల నౌకరిల చేరితే కలుస్తయ్.

ఇష్టంతోని ఇడిసినోళ్ల ముచ్చట ఒకటి, ఇడిపిచ్చినోళ్ల ముచ్చట ఇంకొకటి. "రాజీనామా పెట్టు, కన్సల్టెంటుగ రా" అంటరు. అదే కుర్సీ, అదే పని, అదే టైము. జీతం పోయి బిల్లు వస్తది, పీఎఫ్ పోయి 10 శాతం టీడీఎస్ వస్తది. దీన్ని ఆజాదీ అంటే నవ్వొస్తది నాకు. 1934ల పెట్టిన ఆజంజాహి మిల్లు మూతవడి జాగలు ప్లాట్లయినంక ఓరుగల్లు దిక్కు నేతపనోళ్లు సూరత్, భివండి మగ్గాల కాడికి పోయిండ్రు, మీటరు లెక్కన కూలికి. వాళ్లను ఎవరూ ఫ్రీలాన్సర్లు అనలే, వలసపోయిండ్రన్నరు.

ఇంట్ల కూసోని, పీసు లెక్కన పని చేస్తే హక్కులుండయా? ఈ మాట మన బీడీల అక్కలను అడగాలె. నిజామాబాద్, కరీంనగర్, సిరిసిల్ల దిక్కు ఇంటి అరుగు మీద కూసోని వెయ్యి బీడీల లెక్కన చుట్టేటోళ్లు. కార్ఖాన మొఖం చూడరు, హాజరు లేదు. అయినా 1966 బీడీ కార్మికుల చట్టం ఇంట్ల చుట్టేటోళ్లను సుత కార్మికులే అన్నది. యజమానులు వీళ్లు మా మనుషులు కాదని పీఎఫ్ మీద సుప్రీంకోర్టు దాక పోయిండ్రు. 1985ల కోర్టు వాళ్ల మాట ఇనలే, ఇంట్ల చుట్టినా పీఎఫ్ ఇయ్యాల్సిందే అన్నది. గా అక్క బీడీ కట్ట సేటు దగ్గరికి పోతది, మన తమ్ముని ఫైల్ మెయిల్ల పోతది. తేడా ఇంకేమున్నది?

ఇప్పుడు సామాజిక భద్రత కోడ్ 2025 నవంబర్ 21 నుంచి అమలుల ఉన్నది. గిగ్ వర్కర్ అన్న మాట చట్టంల ఎక్కింది. అగ్రిగేటర్ కంపెనీలు టర్నోవర్ల 1 నుంచి 2 శాతం నిధికి కట్టాలె. స్విగ్గీ, ఊబర్ మీద తిరిగేటోళ్లకు ఇది ఆసరానే. కాని ఏ యాపూ లేకుండ నేరుగ కంపెనీకి పని చేసి పెట్టే మన వీడియో ఎడిటర్ పేరున ఎవరు కడతరు? కట్టేటోడే లేడు. పోరాటం చేయాల్సింది గిక్కడ. యాపు ఉన్నా లేకున్నా పని చేయించుకున్నోడు ఎంతో కొంత కట్టేటట్టు రూలు రావాలె. బీడీల అక్కలకు సంఘం ఉండె, లాప్‌టాప్ తమ్ములకు వాట్సాప్ గ్రూపు సుత సక్కగ లేదు.

గది వచ్చేదాక చేతిల ఉన్నదేదో వాడుకోవాలె. బిల్లు పెట్టి నెలల తరబడి ఎదురుచూసుడు అందరి బాధ. నాకు ఒక ఆఫీసోళ్లు రాసిన దానికి నాలుగు నెలల తర్వాత ఇచ్చిండ్రు, అదీ పదిసార్లు ఫోన్ చేస్తే. 2006 ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం చిన్న సంస్థకు ఎక్కువల ఎక్కువ 45 రోజులల్ల పైసలియ్యాలె. ఆలస్యమైతే బ్యాంక్ రేటుకు మూడింతల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీ. ఒక్క మనిషి నడిపే పని సుత ఉద్యం పోర్టల్ల సంస్థగ నమోదు చేసుకోవచ్చు. ఇయ్యకుంటే రాష్ట్రంల ఫెసిలిటేషన్ కౌన్సిల్ ఉన్నది, అక్కడ కేసు పెట్టొచ్చు. ఒక్కటే షరతు, పని ఒప్పుకునేకంటే ముందే నమోదై ఉండాలె. తర్వాత చేసుకుంటే కొట్లాట అయితది. రేటు, గడువు మెయిల్ల రాయించుకోవాలె, ఫోన్ మాట పనికిరాదు. ఉద్యం నమోదుకు రూపాయి సుత లేదు. మీసేవ పక్కపొంటి ఎవడన్న వెయ్యి రూపాయలు అడిగితే ఇయ్యకుండ్రి, ఆధార్ పట్టుకొని మీరే చేసుకోండ్రి.