మాటల మతలబు: లెగ్గుగారి లీలలు

పోయిన వారం అమీర్‌పేటలో చాయ్ తాగుతున్నాను. 1959లో 'మా ఇంటి మహాలక్ష్మి' తీసిన సారథి స్టూడియోస్ అక్కడికి నాలుగడుగులే. పక్కనున్న అమ్మాయి ఫోన్ చూసుకుని మొహం మాడ్చుకుంది. ఏమైందమ్మా అంటే చూపించింది. సాయంత్రం తన మొదటి డాన్స్ ప్రోగ్రాంట. స్నేహితురాలు పంపిన దీవెన: 'బ్రేక్ ఎ లెగ్'!

"నాలుగు నెలలు ప్రాక్టీసు చేశానంకుల్. కాలు విరగ్గొట్టుకోమంటుందా?" అంది, ఏడుపు గొంతుతో. సందుకో స్పోకెన్ ఇంగ్లీషు క్లాసున్న పేటలో ఈ పాఠం మాత్రం ఎవరూ చెప్పలేదు కాబోలు!

కంగారు పడకు, అది దీవెనే అన్నాను. నోరారా శుభం పలికితే బెడిసికొడుతుందని నాటకాలవాళ్ళకి భయం. మంచి జరగాలని అనకూడదు, కాలు విరగాలనాలి అన్న ఈ ఆచారాన్ని రాబర్ట్ లిండ్ అనే రచయిత 1921లోనే, గుర్రప్పందేల సందర్భంలో, రాశాడు. జర్మన్లయితే మెడా, కాలూ రెండూ విరగమంటారు! మనకిది కొత్తా? చంటిపిల్ల బుగ్గన నల్లచుక్క పెట్టమూ? పిల్లాడు బతికి బట్టకట్టాలని పెంటయ్య అని పేరు పెట్టుకోలేదూ?

అన్నట్టు, ఈ 'లెగ్' ఇంగ్లీషువాడి సొంతం కాదండోయ్. సుమారు 13వ శతాబ్దంలో స్కాండినేవియా వాళ్ళ పాత నార్స్ భాష నుంచి తెచ్చుకున్న అరువు కాలు. అంతకుముందు వాళ్ళకున్నది 'షాంక్'.

ఆ అరువు కాలికి మనం ఇనుము తొడిగాం. 'ఐరన్ లెగ్' అంటే లండన్‌లో ఎవరికీ అర్థం కాదు. కొత్తకోడలు అడుగుపెట్టిన వేళావిశేషం అంటాం చూశారూ, దానికి సినిమా వేషం వేస్తే ఇదీ! ఐరన్ లెగ్ శాస్త్రిగారిని తెరమీద చూసి నవ్వుకున్నాం, బాగానే వుంది. కానీ 2011లో రెండు సినిమాలు ఆడకపోతే శ్రుతిహాసన్‌కి అదే బిరుదిచ్చారు. ఆ రెండిట్లో హీరో ఒక్కడే. ఆయన కాలి జోలికి ఎవరూ పోలేదు! 2012లో 'గబ్బర్ సింగ్' ఆడగానే అదే కాలు గోల్డెన్ లెగ్ అయికూర్చుంది.

నవ్వుతూ చెబుతున్నాను గానీ, ఈ పాపంలో నాకూ వాటా వుంది. చాలా ఏళ్ళ క్రితం పంజాగుట్టలో ఓ సినిమా ఆఫీసు. కబుర్ల మధ్య ఒక కొత్త నటి పేరొచ్చింది. "ఐరన్ లెగ్గండీ బాబూ!" అనేశాను. అందరూ నవ్వారు. ఆమె సినిమాలు రెండు పోయిన మాట నిజమే. అవి పోయింది కథల్లేక. వారం తిరక్కుండా మూడో సినిమాలోంచి ఆమెను తీసేశారు. నా జోకు వల్లేనా? ఏమో! నవ్వినవాళ్ళలో ఆ నిర్మాత కూడా వున్నాడు. తరవాత ఆమెను నేను తెరమీద చూడలేదు.

ఇదంతా ఆ అమ్మాయికి చెప్పలేదు. చాయ్ డబ్బులు నేనే ఇచ్చి, "వెళ్ళిరా తల్లీ, కాలు విరగ్గొట్టు!" అన్నాను. ఫక్కున నవ్వి, ఆటో ఎక్కింది.

మీరూ సినిమా నచ్చకపోతే కథని తిట్టండి, పాటల్ని తిట్టండి. పాపం, ఆ పిల్ల కాళ్ళనొదిలెయ్యండి.

వచ్చే వారం ముక్కు సంగతి!