తిండి పాఠాలు సరే, జొన్నలు కొనేదెవరు?

చిరుధాన్యాలు తినండి, తెల్లన్నం తగ్గించండి, ఆరోగ్యం మీ చేతుల్లోనే ఉంది. ఈ మధ్య ఏ మీటింగుకు పోయినా అధికారులు చెప్పే మాట ఇదే. మాట మంచిదే. కానీ తరతరాలుగా జొన్న రొట్టె, రాగి సంకటి, కొర్రన్నం తిని బతికిన మెట్ట రైతుకా ఈ పాఠం? ఆ పంటలు మా చేలల్లోంచి ఎందుకు పోయాయో ముందు చెప్పండి, పాఠం తర్వాత వింటాం.

పరిస్థితి చిన్నదేం కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ఐదేళ్లలోపు పిల్లల్లో ఆంధ్రప్రదేశ్‌లో 63.2 శాతం, తెలంగాణలో 70 శాతం. దీనికి తిండి ఒక్కటే కారణం కాకపోవచ్చు, కానీ తిండి పెద్ద కారణం. దేశానికి బియ్యం పెడుతున్న రాష్ట్రాల్లో సగం మందికి పైగా ఆడబిడ్డలకు ఒంట్లో సరిపడా రక్తం లేదు. కడుపు నిండుతోంది, ఒంటికి బలం పట్టడం లేదు.

హైదరాబాద్‌ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో తిండి మార్గదర్శకాలు విడుదల చేసింది. మనిషికి రోజుకు ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, కూరగాయలు ఆకుకూరలు కలిపి 400 గ్రాములు, పాలు 300 మిల్లీలీటర్లు, పండ్లు 100 గ్రాములు కావాలంది. గుడ్డు, మాంసం తినేవాళ్లు పప్పు కొంత తగ్గించుకోవచ్చు.

ఇప్పుడు లెక్క వేద్దాం. ఆహార భద్రత చట్టం కింద మనిషికి నెలకు 5 కిలోల బియ్యం. అంటే రోజుకు 165 గ్రాములు. ధాన్యం వాటాలో చాలాభాగం బియ్యంతోనే సరి. మరి పప్పు? రోజుకు 85 గ్రాముల చొప్పున నలుగురున్న ఇంటికి నెలకు 10 కిలోలు కావాలి. కిలో వంద రూపాయలకే దొరికినా వెయ్యి రూపాయలు. పాలు, పండ్లు, కూరగాయలు వేరే. కూలికి పోయే ఇంట్లో దీన్ని ‘ఎంపిక’ అంటారా? జేబులో డబ్బు, రేషన్ షాపులో సరుకు ఉన్నప్పుడే ఎంపిక అనే మాటకు అర్థం.

1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. అది పేదల ఆకలి తీర్చింది, ఆ పథకాన్ని మేం తప్పుపట్టడం లేదు. కానీ బియ్యంతో పాటు జొన్నలు, రాగులు కూడా కొని ఇచ్చి ఉంటే మెట్ట పొలాలు బతికేవి. అది జరగలేదు. మార్కెట్ లేని పంట వేసేదెవరు? ఊరంతా పత్తి వేసి ఒక్కరు జొన్న వేస్తే, ఊళ్లోని పిట్టలన్నీ ఆ ఒక్క చేను మీదే వాలతాయి. మంచె మీద కాపలా కాసేందుకు మనిషి దొరకడు. కొర్రలు పొట్టు తీయించాలంటే దగ్గర్లో మర లేదు. జొన్న పోయింది, దానితో చొప్ప పోయింది, చొప్పతో పాటు పశువులు తగ్గాయి, ఇంట్లో పాలూ తగ్గాయి.

మద్దతు ధర ఉంది కదా అంటారు. 2025-26లో హైబ్రిడ్ జొన్నకు క్వింటాలుకు 3,699 రూపాయలు, రాగికి 4,886, సాధారణ వరికి 2,369. కాగితం మీద జొన్న ధరే ఎక్కువ. కానీ వరికి ఊరూరా కొనుగోలు కేంద్రం ఉంటుంది, జొన్న రైతు మాత్రం దళారి చెప్పిన ధరకు అమ్ముకోవాలి. కొనుగోలు లేని మద్దతు ధర గోడ మీద రాసిన అన్నం లాంటిది.

ఇక వింత చూడండి. మిల్లులో బియ్యం తెల్లగా పాలిష్ పట్టి తవుడు, దానితో పాటు పోషకాలు తీసేస్తారు. తర్వాత ఫ్యాక్టరీలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి చేసిన గింజల్ని వంద కిలోలకు ఒక కిలో చొప్పున మళ్లీ కలుపుతారు. కొందరు అనుకుంటున్నట్టు అవి ప్లాస్టిక్ గింజలు కావు, భయపడనక్కర్లేదు. మా అభ్యంతరం వేరు. వంద గ్రాముల తెల్లబియ్యంలో ఐరన్ ఒక మిల్లీగ్రాము కూడా లేదు. జొన్నలో దాదాపు 4, సజ్జలో 6 మిల్లీగ్రాములకు పైగా ఉంది. రాగుల్లో కాల్షియం 360 మిల్లీగ్రాములకు పైగా ఉంటే తెల్లబియ్యంలో పది కూడా లేదు. ఇవి పోషకాహార సంస్థ లెక్కలే. చేనులో పండేదాన్ని వదిలి ఫ్యాక్టరీ గింజకు డబ్బు పోయడం ఎవరి లాభం కోసం?

2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరం అన్నారు. పండగ చేశారు. లాభపడింది ప్యాకెట్ల కంపెనీలు. మిల్లెట్ బిస్కెట్ అని కొనేముందు ప్యాకెట్ వెనక తిప్పి చూడండి. ఏ పదార్థం ఎక్కువ ఉంటే దాని పేరు ముందు రాయాలన్నది నిబంధన. మైదా, చక్కెర, పామాయిల్ ముందుండి రాగులు చివర్లో ఉంటే అది మిల్లెట్ బిస్కెట్ కాదు, మిల్లెట్ పేరున్న మైదా బిస్కెట్.

జనం ఇప్పుడు జొన్నలు తినరు అనే వాదన ఒకటుంది. పక్కన కర్ణాటకలో రేషన్ షాపుల్లో రాగులు, జొన్నలు ఇస్తున్నారు, జనం తింటున్నారు. ఒడిశా 2017 నుంచి గిరిజన రైతుల రాగి పంటను ప్రోత్సహించి, కొని, రేషన్‌లో పంచుతోంది. మన జహీరాబాద్ ప్రాంతంలో దళిత మహిళా సంఘాలు బీడు భూముల్లో జొన్నలు పండించి, తమ ఊళ్లోనే తక్కువ ధరకు పంచుకుని చూపించాయి. అన్నిటికన్నా ముఖ్యం, 2013 ఆహార భద్రత చట్టంలోనే ముతక ధాన్యాలు కిలో రూపాయికి ఇవ్వాలని రాసి ఉంది. మేం కొత్తగా అడిగేదేమీ లేదు.

మన ఇళ్లలో చేయాల్సిన పనీ ఉంది. పాలన్నీ డెయిరీకి పోసే ముందు పిల్లలకు కొన్ని తీసిపెట్టాలి. పత్తి చేనులో నాలుగు సాళ్లు కంది, గట్టు మీద మునగ, పెరట్లో గోంగూర, తోటకూర వేసుకోవాలి. బియ్యం తక్కువ పాలిష్ పట్టించుకోవాలి. ఆడవాళ్లు అందరి తర్వాత మిగిలింది తినే పద్ధతి పోవాలి. పప్పు, గుడ్డు ముందు గర్భిణికి, బాలింతకు, ఎదిగే పిల్లకు. ఇందుకు ఏ జీవో అక్కర్లేదు.

మిగతాది సర్కారు చేయాలి. మా డిమాండ్లు ఇవి:

1. జొన్న, రాగి, సజ్జ, కొర్ర, కందులకు మండలానికో కొనుగోలు కేంద్రం పంట చేతికి రాకముందే తెరవాలి.

2. రేషన్‌లో బియ్యం కోత పెట్టకుండా జొన్నలు లేదా రాగులు, నెలకు కార్డుకు 2 కిలోల కందిపప్పు ఇవ్వాలి.

3. అంగన్‌వాడీ, బడి భోజనానికి కావాల్సిన చిరుధాన్యాలు ఆ జిల్లా రైతుల దగ్గరే కొనాలి.

4. పొట్టు తీసే మరలు మహిళా సంఘాలకు పూర్తి సబ్సిడీపై ఇవ్వాలి.

ప్రతి గ్రామ కమిటీ ఈ నాలుగు డిమాండ్లపై గ్రామసభలో తీర్మానం చేయించి తహసీల్దారుకు ఇవ్వాలి. తీర్మానం కాపీ సంఘం ఆఫీసుకు పంపాలి. విత్తనం వేసే ముందే అడుగుదాం. పంట రోడ్డు మీద పోసి ఏడ్చే దాకా ఆగొద్దు.